ముప్పై తొమ్మిది కార్డులు

ముప్పై తొమ్మిదో కార్డు కూడా అదే తాళంతో తెరుచుకుంది. కహకషాన్ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. పొద్దున్నుంచి కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు.

బయట మెల్‌బోర్న్ ఫిబ్రవరి ఎండ నలభై దాటింది. యూనివర్సిటీ వారి రహస్య సంకేతాల పరిశోధన కేంద్రంలో మాత్రం వణికించే చలి. ఆ ఏసీ మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం.

కొట్టే మొగుళ్ళ నుంచి పారిపోయిన ఆడవాళ్ళకు ఇస్తున్న వైద్యం కార్డులవి, పరీక్ష కోసం ఇక్కడికి వచ్చాయి. వాళ్ళు తలదాచుకున్న చోటి అడ్రసు అందులోనే ఉంటుంది. ఒక్కో కార్డుకు ఒక్కో రహస్య తాళం, అంటే ఓ అంకెల వరస, ఉండాలి. తేదీ, టైము చూసి యంత్రం దాన్ని తయారుచేస్తుంది. రెండు వేల సంవత్సరం రాగానే యంత్రాల్లో తేదీలు తప్పుతాయన్న కంగారులో, కార్డులు చేసే కంపెనీవాళ్ళు ఆ గడియారాన్ని ఒకే తేదీ, ఒకే క్షణం దగ్గర కట్టేశారు. జనవరి నుంచి ఇచ్చిన కార్డులన్నిటికీ ఒకటే తాళం. ఒకటి తెరిచినవాడు అన్నీ తెరుస్తాడు.

విజయభాస్కర్ రిపోర్టు పట్టుకుని వచ్చాడు. కేంద్రానికి డిప్యూటీ డైరెక్టరు, గుంటూరు మనిషి. ఆమెను కడప నుంచి పిలిపించింది ఆయనే. ఆ సంగతి వారానికోసారైనా గుర్తుచేస్తాడు. ఆయనకు కొత్త ల్యాబు కట్టిస్తున్నది ఆ కార్డుల కంపెనీ.

“లోపమేం లేదని రాశానమ్మా. ఇక్కడో సైన్ పెట్టు.”

“ముప్పై తొమ్మిదీ తెరుచుకున్నాయి సార్. మీకు మెయిల్ పంపినాను గదా.”

“చూశాలే. నెక్స్ట్ వెర్షన్‌లో ఫిక్స్ చేస్తారు.”

“అంతవరకూ ఆ ఆడోళ్ళు యాడికి పోవల్ల సార్?”

ఆయన నవ్వాడు. ఒళ్ళు మండించే పెద్దమనిషి నవ్వు.

“వాళ్ళ గొడవ నీకెందుకు? నీ వీసా లెటర్ ఫ్రైడేలోగా వెళ్ళాలి, దాని మీద నా సంతకం పడాలి. మనవాళ్ళని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు చెప్పు?”

మనవాళ్ళు! ఆ ఒక్క మాటతో ఎన్ని నోళ్ళు కుట్టేశారో. కహకషాన్‌కు భయమేసింది. వీసా పోతే నాలుగేళ్ళ పరిశోధన ఇక్కడే వదిలేసి విమానం ఎక్కాలి. అయినా పెన్ను అందుకుంది. ఆయన ముఖం విప్పారింది.

ఆమె సంతకం చేయాల్సిన చోటికి పైన, పరీక్షించిన ముప్పై తొమ్మిది కార్డులూ తెరుచుకున్నాయని ఇంగ్లీషులో రాసింది. దాని కింద సంతకం పెట్టింది.

విజయభాస్కర్ కాగితం లాక్కుని పరపరా చించాడు. “ఇంకో కాపీ తీస్తున్నా. ఈసారి బుద్ధిగా పెట్టు.”

“తీయండి సార్. దాని మీదా ఇదే రాస్తా.”

ప్రింటరు మళ్ళీ కదిలింది. కహకషాన్ పెన్నుకు మూత పెట్టలేదు.