కింద పెట్టకూడని గుడ్డ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో విజయభాస్కర్ కెమెరా సంచీని ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. నెత్తిన జుట్టు పలచబడింది. కుడిచెవికి ఒకప్పుడు వరసగా రింగులుండేవి, ఇప్పుడు పూడీ పూడని బెజ్జాలున్నాయి.

బెంగుళూరులో పంక్ పాటలు పాడిన రోజుల్లో ఆ జుట్టు కోడిపుంజు తలలా నిక్కి ఉండేది. చొక్కా నిండా చిరుగులు, చిరుగుల నిండా పిన్నీసులు. నంద్యాలలో బట్టల అంగడి నడిపే తండ్రి మాధవయ్య ఆ అవతారం చూసి, "చిరిగిన చొక్కా ఏందిరా నాయనా? ఎవురన్నా చూస్తే మన గుడ్డ నాసిరకం అనుకోరా?" అన్నాడు. ఆయన బాధ ఆయనది. కొడుకేమో లోకం కళ్లు తెరిపిస్తానని గొంతు చించుకున్నాడు. నోటికి కట్టిన గుడ్డ పీకెయ్యమని అరిచే పాట ఒక్కటే కాస్త పేరు తెచ్చింది. తర్వాత జట్టు చెదిరింది, గొంతు చెడింది. అరవడం అయిపోయింది కాబట్టి ఇక వినడం మొదలుపెడదామని డాక్యుమెంటరీల్లో పడ్డాడు. వాటిని చూసినవాళ్లకన్నా మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. కడుపు నింపేవి పెళ్లి వీడియోలు. అయినా కష్టజీవుల గొంతు వినిపిస్తానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క రేకుల షెడ్డులో శిల్పి గురవాచారి ఎదురుచూస్తున్నాడు. కొన్నాళ్లుగా విజయభాస్కర్ డాక్యుమెంటరీ తీస్తున్నది ఆయన మీదే. బక్కపలచని మనిషి, కనుబొమల మీద కూడా రాతిదుమ్మే. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చి ఊపిరి తీస్తే పిల్లికూతలు వస్తాయి. విజయభాస్కర్ చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లలో మాట కంటే ఆ కూతే ముందు వినిపించి విసిగించేది.

అమ్మవారి విగ్రహానికి ఇక కళ్లు తెరవడమే మిగిలింది. కోతమిషన్ ఆపించి, ఆచారి తెల్లగుడ్డ తడిపి ముక్కూ నోరూ మూసేలా కట్టుకున్నాడు. చిన్న ఉలి అందుకున్నాడు.

కెమెరాలో సగం ముఖమే కనిపించింది.

"పెద్దాయనా, మిషన్ నిలిపేసినారు గదా, దుమ్మేముంది? ఆ గుడ్డ తీసెయ్యి. ముఖం కనపడల్లేదు."

"ఇది దుమ్ముకు కాదప్పా..."

"రెండు నిమిషాలే. వెలుతురు పోతాంది."

ఆచారి అమ్మవారి వైపు చూశాడు. మూలన రాయికి నునుపు పెడుతున్న కూతురు జ్యోత్స్న లేవబోతే, కూర్చోమని సైగ చేశాడు. మెల్లగా ముడి విప్పాడు.

"ఇంత దూరం వచ్చినావ్, నీ మాట యాల కాదనాల. పట్టుకో. కింద పెట్టగూడదు."

విజయభాస్కర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉలి అమ్మవారి కంటికి ఆనింది. చిత్రంగా పిల్లికూత ఆగిపోయింది. ఉలి చప్పుడొక్కటే, కడిగినట్టు వినిపించింది. ఇన్నాళ్లకు మంచి శబ్దం దొరికిందని మురిసిపోయాడు. ఆచారి నడుమ నడుమ ముఖం పక్కకు తిప్పుకుని, మళ్లీ విగ్రహం వైపు తిరిగేవాడు. "అట్ల తిరగాకు పెద్దాయనా," అని విజయభాస్కర్ అన్నాడు కూడా.

రెండు కళ్లూ అయ్యాయి. ఆచారి అమ్మవారికి అద్దం చూపి, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. "రోంతసేపు కూసుంటా," అన్నాడు. పని అయింది కదా, విజయభాస్కర్ సంచీ సర్దుకుని బయలుదేరాడు.

బస్టాండులో టీ తాగుతూ లెన్సు తుడుద్దామని జేబులో చెయ్యి పెడితే ఆ గుడ్డే వచ్చింది. ఇచ్చేసి వద్దామని వెనక్కి నడిచాడు.

షెడ్డు ముందు జనం నిలబడి ఉన్నారు. గురవాచారి అదే స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తల మాత్రం పక్కకు వాలింది. జ్యోత్స్న ఆ తలను భుజానికి చేర్చుకుని కూర్చుంది.

"ఏమైంది?" జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి అడిగాడు.

"కూసున్నోడు కూసున్నట్టే పాయ." ఆ పిల్ల మాటలో కోపం లేదు. "నాయన ఊపిరి ముందే అంతంత మాత్రం. కండ్లు తెరిసేటప్పుడు మన ఊపిరి అమ్మ మీద పడగూడదన్నా, అందుకే గుడ్డ కడతాడు. నువ్వు తీయమంటివి. ఇంగేం చేస్తాడు, ఊపిరి బిగబట్టినాడు."

"నాకు చెప్పలేదే?"

"చెప్పబోయ. నువ్వు యాడ ఇన్యావన్నా?"

విజయభాస్కర్‌కు సిగ్గేసింది. అమ్మవారి కొత్త కళ్లకు ఎదురుగా నిలబడలేనంత సిగ్గు. ఆ ముసలాయన ప్రాణం ఉగ్గబట్టుకుంటే తాను శబ్దం బాగా వచ్చిందని సంబరపడ్డాడు. గుడ్డ ఇవ్వబోతే జ్యోత్స్న చేతులు ఖాళీగా లేవు. అందుకునేవాళ్లు ఎవరూ లేరు. ఎక్కడ పెడదామన్నా దుమ్మే.

బిడ్డలా మోసుకు తిరిగే కెమెరాను సంచీలోంచి తీసి ఆ దుమ్ములో దించాడు. దాని మీద గుడ్డను పెట్టాడు. నోరు ఆనిన చోట ఇంకా తడి ఆరలేదు.