ఏసన్న చెయ్యి

ఓబన్న దొడ్డిలో నిలబెట్టిన కారు బానెట్టు పైకెత్తి ఏసన్న కుడిచెయ్యి చాచేసరికి, ఆ చేతిలోకి పొగలు కక్కే టీ లోటా వచ్చింది.

"ముందు తాగప్పా," అన్నాడు ఓబన్న. "ఇంజను యాడికీ పోదు."

ఏసన్న తటపటాయించాడు. ఇంకెవరైనా ఇచ్చి ఉంటే తీసుకునేవాడే కాదు. బండి చూసే రోజు, చూడడం అయ్యేదాకా ఆయన కుడిచేత్తో వేడి వస్తువేదీ ముట్టడు. బీడీ కూడా ఎడంచేత్తోనే పట్టుకుంటాడు. డోన్ చుట్టుపక్కల పాత డీజిలు బండి చేతులు మారాలంటే "ఏసన్న సెయ్యి పెట్టినాడా?" అని అడగడం పదేళ్లుగా వాడుక. అరిగిపోయిన డీజిలు ఇంజను వేడిమీద ఉన్నంతసేపూ కొత్తల్లుడిలా మర్యాదగా ఉంటుంది. చల్లారాక లేపితేనే దాని బుద్ధి తెలుస్తుంది. అందుకని అమ్మేవాళ్లు కొనేవాడు రాకముందే దాన్ని కాసేపు తిప్పి ఉంచుతారు. ఏసన్న తెల్లవారుతుండగానే వచ్చి ఇంజను దిమ్మె మీద అరచెయ్యి ఆనిస్తాడు. గోరువెచ్చగా తగిలిందా, నోరు తెరవకుండా తువ్వాలు దులుపుకుని వెళ్లిపోతాడు. అంతకు మించిన తీర్పు ఎవరికీ అక్కర్లేదు.

కానీ లోటా ఇచ్చింది ఓబన్న. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గుగ్యాసుతో నడిచే బస్సు మీద ఓబన్న డ్రైవరు, ఏసన్న మెకానిక్కు. వెల్దుర్తి దగ్గర ఒకసారి రేడియేటరు మూత ఎగిరి, మరిగే నీళ్లు ఏసన్న మొహం మీదికి రాబోతే, ఓబన్న తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మోచేతి చర్మం ఇప్పటికీ ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. ఆ చెయ్యి ఇచ్చిన టీని కాదనడం ఏసన్న వల్ల కాలేదు. లోటాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చివరిదాకా తాగాడు.

కారు పెద్దది, పాతది. మద్రాసులో ఎవరో దాని పెట్రోలు ఇంజను తీసేయించి డీజిలుది వేయించారు. అమ్మేవాడు ఓబన్న. కొనబోయేవాడు లాజరు, ఏసన్న చనిపోయిన అక్క కొడుకు. వానకోసం పైకి చూసి చూసి మెడ పట్టేసిందని, తండ్రి మిగిల్చిన ఒక్క చేనూ అమ్మేశాడు. స్టేషనులో రైలు దిగేవాళ్లను ఊళ్లకు చేరవేసి బతుకుదామని అతని ఆశ. కారు వైపు చూడకుండా మేనమామ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఏసన్న బక్కపలచని మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. వేళ్ల గీతల్లోకి నల్లనూనె ఎంతగా ఇంకిందంటే, ఆదివారం చర్చిలో కీర్తనల పుస్తకాన్ని తువ్వాలు కొనతో పట్టుకుంటాడు. ఆ చేతిని ఇంజను మీద ఆనించాడు. చల్లగా ఉంది. చాలా చల్లగా ఉంది. లోటా వేడికి అట్లా తోస్తోంది కాబోలు అనుకున్నాడు. రేడియేటరు మూత తీస్తే నీళ్లు తేటగా ఉన్నాయి, నూనె తెట్టు లేదు. "నిన్ననే మార్చినా," అన్నాడు ఓబన్న. ఏసన్న నూనెమట్టం చూసే పుల్ల లాగి, అంటిన నూనెను రెండు వేళ్ల మధ్య రుద్దాడు. ఇనుపరజను తగల్లేదు గాని, నూనె వెచ్చగా ఉంది. ఏప్రిల్ నెల, రాత్రిళ్లు కూడా ఉడుకే కదా అనుకున్నాడు. వేరేవాడి దొడ్డిలో అయితే ఈ చల్లదనం, కొత్తనీళ్లు, వెచ్చటి నూనె, మూడింటిలో ఒక్కటి చాలు, ఇంటికి తిరిగి వచ్చేసేవాడు.

ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. పొగ పలచగా వచ్చింది. పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొన దిమ్మెకు, ఒక కొన చెవికి పెట్టుకుని విన్నాడు. కిందికి దూరి కమాను పట్టీలు చూశాడు. లేచేటప్పుడు ఎడమ భుజం లాగింది, పొద్దుటినుంచీ లాగుతూనే ఉంది.

"తీసుకోప్పా," అన్నాడు లాజరుతో.

లాజరు ఇంకేమీ అడగలేదు. మామ చెయ్యి పెట్టాడు, అది చాలు.

మధ్యాహ్నమంతా ఏసన్న తన రేకులషెడ్డులో ఒక లారీ పంపు విప్పుకుంటూ గడిపాడు. ఎండ కాస్త వాలాక ఎద్దుల గంటలు వినిపించాయి. కాడికి కట్టిన మోకుతో కారును ఈడ్చుకొస్తున్నాడు లాజరు. ఊళ్లో అందరూ కారు చుట్టూ చేరి ప్రార్థన చేశారట. వేపచెట్టు నీడన నిలబెట్టి, చల్లారాక మళ్లీ తిప్పితే తెల్లపొగ తప్ప ఇంకేమీ రాలేదట. ఏసన్న కూడా తిప్పి చూశాడు. ఇంజనులో దమ్ము లేదు. లోపలంతా అరిగిపోయింది.

లాజరు ఎద్దులను విప్పుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు. "ఓబన్న నీకు పానం లాంటోడని నాకు తెల్సు మామా. అయినా నాకొక్క మాట సెప్పుంటే బాగుండు."

గొంతులో కోపం లేదు. అదే ఏసన్నకు ఎక్కువ గుచ్చుకుంది. తనూ కలిసే చేశాడని వాడు అనుకుంటున్నాడు, పైగా క్షమించేస్తున్నాడు. సమాధానం నోట్లో తయారయ్యేలోపు ఎద్దులు రోడ్డెక్కాయి.

ఏసన్న షెడ్డు వెనక ఇంట్లోకి వెళ్లాడు. దాహంగా ఉంది. కడవకు తడిపిన గోనెపట్టా చుట్టి ఉంది, ఆ ఎండల్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే. నీళ్లు ముంచుకోబోతూ కడవ మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. పొద్దున ఇంజను మీద తగిలిన చల్లదనం ఇదే. ఆరుబయట పడుకున్న ఇనుముకు ఈ కాలంలో ఇంత చల్లదనం ఎక్కడినుంచి వస్తుంది?

అట్నుంచటే ఓబన్న దొడ్డికి నడిచాడు. అక్కడ గోడవారన గోనెపట్టాలు కుప్పగా పడి ఉన్నాయి. అడుగుది ఇంకా తడిగానే ఉంది, ఇంజను మసి అంటుకుని. ఏసన్న దాన్ని చేతిలోకి తీసుకునేసరికి ఓబన్న బయటికొచ్చాడు.

"తెల్లారకముందే తిప్పి, పైన దీన్ని కప్పినావు. టీ గూడా అందుకేనా?" అన్నాడు ఏసన్న.

ఓబన్న మోచేతి మచ్చను గోక్కున్నాడు. "నువ్వు సెయ్యి పెట్టినప్పుడు నా గుండె ఆగినంత పనైందప్పా. ఇప్పుడు కనిపెడతాడు, ఇప్పుడు కనిపెడతాడు అని సూస్తానే ఉండా. నువ్వు కనిపెట్టల్యా. దానికి నేనేం సేసేది?"

ఏసన్నకు తిట్టాలనిపించింది. ముప్పై ఏళ్ల స్నేహంలో తిట్టడం ఎప్పుడూ అవసరం పడలేదు. గోనెపట్టా చంకలో పెట్టుకుని, దాని తడీ మసీ చొక్కాకు అంటించుకుంటూ వచ్చేశాడు. దారిలో రెండుచోట్ల కూర్చున్నాడు.

షెడ్డు ముందర కారు బానెట్టు తెరిచి, గోనెను ఇంజను మీద జాగ్రత్తగా కప్పాడు. ఓబన్న ఎలా కప్పి ఉంటాడో అలాగే, దిమ్మె వంపులన్నిటికీ అంటుకునేలా వేళ్లతో నొక్కి, బావి నుంచి తెచ్చిన ఉప్పునీళ్లు మళ్లీ చల్లాడు.

"ఏం సేస్తాండావు?" అంది భార్య విశ్వాసమ్మ.

"రేప్పొద్దున లాజరును పిలిపియ్యి. వానికొకటి సూపియ్యాల. వాని సెయ్యి దీని మీద పెట్టిపియ్యాల."

"భుజం నొప్పి ఎట్లుండాది?"

"ఉండాదిలే."

కాసేపు నడుం వాలుస్తానని షెడ్డులోని నులకమంచం మీద పడుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు విశ్వాసమ్మ రొట్టెకు పిలవడానికి వచ్చింది. కుడిచెయ్యి మంచం పక్కకు వేలాడుతోంది. లేపుదామని పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఈ చల్లదనంలో మోసమేమీ లేదు.

సమాధుల దొడ్డికి ఓబన్న కూడా వచ్చాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడేమో, చెప్పలేం. లాజరు అతనితో మాట్లాడలేదు. మామ పెట్టె మోశాడు గాని ఏడవలేదు.

మూడోరోజు కారు తీసుకుపోవడానికి ఎద్దులతో వచ్చాడు. మామ నీకేదో చూపించాలన్నాడని విశ్వాసమ్మ చెప్పింది. ఏమిటో ఆమెకూ తెలియదు. లాజరు షెడ్డంతా వెతికాడు, ఏమీ కనిపించలేదు. బానెట్టు మూయబోతూ, దుమ్ము పడకుండా మామ కప్పి ఉంటాడనుకుని గోనెపట్టాను ఎత్తి గోడవారన పెట్టాడు. ఉప్పునీళ్లకూ ఎండకూ బిరుసెక్కిన ఆ గోనె నేలకు వాలిపోలేదు. ఇంజను వంపులన్నీ అలాగే పట్టుకుని, లోపల ఖాళీగా నిలబడి ఉంది.