గడప అవతల చేపతలకాయ

గోదారికి ఆనకట్ట పడి, మన లంకలకి కాలవలొచ్చిన కొత్తలో మాట. వరి విరగపండింది. వరితో పాటు ఎలకలూ పండేయి. బండార్లంకలో నేతవాళ్ళ ఇళ్ళకైతే మరీను. పడుగు నూలుకి గంజి పెడతారు కదా, ఆ గంజి వాసనకి పెళ్ళివారిలా దిగిపోయేవి.

వీరమ్మగారింట్లో మాత్రం నూలు మీద పంటిగాటు పడేది కాదు. ఎందుకంటే అక్కడ చిట్టెమ్మ ఉంది. చిట్టెమ్మంటే పిల్లి. అది మగ్గం పక్కన కూచుందంటే ఎలకలు ఆ వీధి మొహమే చూసేవి కావు.

అలాంటిది, కార్తీకంలో వీరమ్మ కొడుకు నూకరాజు జొరమొచ్చి మంచం పట్టేడు. వీరమ్మ దీపం ముందు మోకరిల్లి, "నా బిడ్డ లేచి మగ్గంలో కూచుంటే, మళ్ళీ కార్తీకందాకా నా గడప లోపలికి నీసు రానివ్వను సామీ" అని మొక్కేసుకుంది. నూకరాజు లేచేడు. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ పప్పూ చారే. పిల్లికీ అదే నిష్ఠ.

వీరమ్మకి పళ్ళూడిపోయి చాలా కాలమైంది. తనకోసం అన్నం మెత్తగా పిసికి, పాలు పోసి, బెల్లం నలుపుకునేది. ఆ గిన్నెలోంచే చిట్టెమ్మకీ ముద్ద పెట్టేది. "చూడవే మరిడమ్మా, ఎంత బుద్ధిగా తింటందో! పోయిన జన్మలో ఏ పుణ్యాత్మురాలో" అని కోడలితో చెప్పుకుని మురిసేది. నీసు ముట్టని పిల్లంటూ పక్క వీధివాళ్ళు కూడా వచ్చి చూసెళ్ళేరు.

ఎండలు ముదిరేసరికి దాని తీరు మారిపోయింది. నోరు వాసన, మూతమ్మట చొంగ. ముద్ద నోట పెట్టి, తల ఓ పక్కకి వాల్చి వదిలేసేది. ఓ ఎలకైతే దాని ఎదురుగానే గిన్నెలో పాలన్నం తినేసి, మూతి తుడుచుకుని మరీ పోయింది.

ఓ పొద్దున్న చూస్తే ఏముంది, పెళ్ళివారి మధుపర్కాలకని సిద్ధం చేసిన పడుగు నడిమికి కొరికేసుంది. నూకరాజు తల పట్టుకున్నాడు.

"అమ్మా, పై సంతకి దీన్ని పడవెక్కించి అవతలొడ్డున దింపేస్తాను. పనిచేసే పిల్లినింకోదాన్ని తెచ్చుకుందాం."

"నన్నూ దింపెయ్యరా. నేనూ పనిచెయ్యట్లేదుగా!"

"నీ పని ఎలకల్ని కొరకడం కాదు కదమ్మా."

"కొరకటానికి నాకు పళ్ళేవిరా?"

మరిడమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. వీరమ్మ మాత్రం పిల్లిని ఒళ్ళోకి లాక్కుంది. మొగుడు పోయిన దగ్గర్నించీ ఆవిడ మోకాళ్ళ వంపులో పడుకునేది ఆ పిల్లే.

ఆ పూటే చేపల పాపాయమ్మ గంప దింపుకుని వీధరుగు మీద కూచుంది. "అమ్మగారూ, మీ మొక్కింకా తీరలేదా అండీ?" అంటూ చిట్టెమ్మని చూసింది. దగ్గరికి లాక్కుని బొటనవేలితో పెదవెత్తింది.

"అయ్యబాబోయ్! గార చూడండి, పాత కుండకి పాచట్టినట్టు! చిగుళ్ళెలా వాచేయో! ఏం పెడతన్నారండీ దీనికి?"

"పాలన్నం, బెల్లం" అంది వీరమ్మ గొప్పగా.

"అదేనండీ మరి. మెత్తటి ముద్ద పంటి మొదట్లో అట్టుకుని కుళ్ళుతాది. మా పేటలో పిల్లులు చేపతలకాయలు కరకరా నవుల్తాయండీ. మనుషులకి పళ్ళు తోముకోటానికి వేపపుల్లుంటాది, దానికేటుంటాది? ఆ నవలడవే!"

వీరమ్మ తన బోసినోరు తడుముకుంది. "పళ్ళు లేని నోటికి కలుపుకున్న ముద్ద, పళ్ళున్నదానికి పెట్టేనే! అదే ముద్దు చెయ్యడమనుకున్నాను. కానీ ఏం చెయ్యను? గడప లోపలికి నీసు రానివ్వనని బిడ్డ ప్రాణం మీద మాటిచ్చేను."

మరిడమ్మ మెల్లిగా అంది. "అత్తయ్యా, నీసు లోపలికి రాకూడదన్నారు గానీ, పిల్లి బయటికెళ్ళకూడదని అనలేదు కదండీ?"

వీరమ్మ దీపం గూటి వైపు చూసింది. "సామీ, ఈ తెలివి నా కోడలిది. నాకేం తెలీదు" అని పిల్లినెత్తుకుని గడప దాటింది.

"ఉడికించకండి, ఉడికిన ముల్లు గుచ్చుకుంటాది" అని పాపాయమ్మ ఓ చిన్న పచ్చిచేప అరుగు మీద పడేసింది. చిట్టెమ్మ వాసన చూసింది. కొరికింది. కెవ్వుమంది. తల విదిలిస్తే నల్లటి పన్నొకటి టక్కున అరుగు మీద పడింది.

"ఉన్నదీ ఊడింది. ఇంక పడవ ఖాయం" అన్నాడు నూకరాజు.

"కుళ్ళింది పోయిందండీ, బాధా పోద్ది" అంది పాపాయమ్మ. "ఇంకో రెండు సంతలు చూడండి."

"చూడరా నాయనా" అని వీరమ్మ కొడుకు గెడ్డం పట్టుకుంది. నూకరాజు గొణుక్కుంటూ లోపలికిపోయేడు.

అప్పట్నించీ రోజూ అరుగు మీదే భోజనం. ముందు చిన్నచేప, తరవాత తోక, ఆనక తలకాయ. మొదట్లో చిట్టెమ్మ ఓ పక్కనే మెల్లిగా నవిలేది. రాన్రానూ కరుక్ కరుక్ మని వీధి చివరిదాకా వినపడేది. చొంగ తగ్గింది, వాసనా తగ్గింది. చిగుళ్ళు గులాబీ రంగుకి తిరిగేయి. ఎలకనైతే ఇంకా ఒక్కదాన్నీ పట్టలేదు.

గడువు సంత రానే వచ్చింది. నూకరాజు బుట్ట పుచ్చుకుని వస్తే పిల్లి లేదు. ఇంతలో మగ్గం గుంటలో దబ్బుమని చప్పుడు. ఓ బలిసిన పందికొక్కుని నోట కరుచుకుని చిట్టెమ్మ ఇంటి నడిమికొచ్చి నిలబడింది.

"అత్తయ్యా! నీసు లోపలికొచ్చేసిందండీ!" అని కేకేసింది మరిడమ్మ.

"వచ్చిందెక్కడే? అది ముందునించీ లోపలే ఉంది. ఇప్పుడు పోతంది, చూడు!"

నిజవే. ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ చిట్టెమ్మ ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా గడప దాటి, అరుగెక్కి, తన చోట కూచుని నవలడం మొదలెట్టింది.

నూకరాజు నవ్వాపుకోలేక, "ఆ బుట్ట పాపాయమ్మకిచ్చెయ్యవే, పెద్ద తలకాయలు తెస్తాది" అని పెళ్ళాంతో చెప్పి మగ్గంలోకి దిగేడు.

వీరమ్మ తన పాలన్నం గిన్నె తెచ్చుకుని పిల్లి పక్కనే కూలబడింది. దాని నోట కరకర, ఈవిడ నోట చపచప. లోపల మగ్గం టకటక.