కనిపించే పడవలు

ముందే ఒప్పుకుంటున్నాను. పార్టీలన్నీ అత్యాశతోనే నడుస్తాయని నేను టీ తాగుతూ తేలిగ్గా అనేస్తుంటాను. కానీ ఈ కథలో కళ చేసిన పని, ఆ కుర్చీలో ఉంటే నేనూ చేసేదాన్నే.

కళ వాళ్లది జంగ్లీఘాట్. వేట కోసం ఎప్పుడో దీవికొచ్చి స్థిరపడ్డ తెలుగు జాలరుల పేట అది. కంప్యూటర్ డిప్లొమా చేసి, ఎయిర్‌పోర్టు పక్కన లంబాలైన్‌లో ఒక ప్రైవేటు సర్వే కంపెనీలో కాంట్రాక్టు మీద చేరింది. ఆఫీసంటే ఒక గది, ఒక ఏసీ, కళ. మిగతావాళ్లంతా చెన్నైలో ఉంటారు, స్క్రీన్ మీద పేర్లుగా. పక్కనే విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దం వణుకుతుంది. రోజంతా ఆమెను పలకరించేది అదొక్కటే.

డ్రోన్ తీసిన ఫొటోల్లో ఏమున్నాయో లెక్కపెట్టడం ఆమె పని. ఒకరోజు వాళ్ల ఒడ్డే వచ్చింది. ఫొటో తీసింది ఉదయం పదింటికి. ఫారంలో ఒక గడి: 'కనిపించే పడవలు'. ఇసుక మీద మూడున్నాయి, మూడూ రిపేరుకొచ్చినవే. మిగతావి తెల్లారకముందే వేటకెళ్లి మధ్యాహ్నం దాటాక గానీ రావని ఆ కంపెనీలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కింద 'రిమార్కులు' అని ఇంకో గడి ఖాళీగా ఉంది. ఎక్కువ మాట్లాడేవాళ్లని పర్మినెంట్ చెయ్యరని ఎక్కడో విన్నది. మూడు అని కొట్టి పంపేసింది. అబద్ధం కాదు కదా, అనుకుంది.

రెండు నెలలకి ఒడ్డున మీటింగు పెట్టారు. అధికార పార్టీ వార్డు నాయకుడు సత్యారావు మైకందుకున్నాడు.

"ఒడ్డు ఖాళీగా పడుందని సర్వేలో తేలింది. మూడంటే మూడే పడవలు! ఇక్కడ టూరిస్టులకి జెట్‌స్కీలొస్తాయి, హోటలొస్తుంది. మీకు దూరంగా వేరే చోటు చూపిస్తాం."

ప్రతిపక్షం మనిషి యువరాజ్ కుర్చీలోంచి లేచాడు. "అరే భయ్యా, కాంట్రాక్టు మీ బావమరిదికే ఎందుకు? మేమొస్తే మన లోకల్ వాళ్లకిస్తాం!"

ఒకరు అభివృద్ధి అన్నారు, ఇంకొకరు ఉపాధి అన్నారు. జెట్‌స్కీలు మాత్రం అవే. అసలు ఒడ్డెందుకివ్వాలని ఎవరూ అడగలేదు.

కళ నాన్న నూకన్న లేచాడు. "మూడేటి? నలభై రెండున్నాయి. లెక్కెట్టినోడికి కళ్ళు లేవేటి?"

అందరూ నవ్వారు. వెనక వరసలో కళ నవ్వలేదు.

"సరే నూకన్నా, మంగళవారం పదింటికి మళ్లీ ఫొటో తీయిస్తాం. అప్పుడు చూసుకో," అన్నాడు సత్యారావు. పది అన్న మాటని గట్టిగానే పలికాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర కళ చెప్పేసింది.

"నాన్నా, ఆ లెక్క నాదే."

నూకన్న చెయ్యి పళ్లెంలోనే ఆగింది. "మన పడవ నీకు కనపళ్లేదేటమ్మా?"

"వేటలో ఉంది కదా."

"ఉందని నీకు తెలుసు."

"తెలుసు."

"ఆళ్ళకి ఆశ, సరే. నీకేటమ్మా?"

"పర్మినెంట్ చేస్తారనుకున్నాను."

ఆయన తిట్టలేదు. చేప ముక్క సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. నాన్న చేప వదలడం కళ ఎప్పుడూ చూడలేదు.

మంగళవారం ఒక్కరోజు వేటకెళ్లొద్దని నూకన్న ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. అప్పలరాముడికి సత్యారావు కొత్త ఇంజను ఇస్తానన్నాడట. పోలిరాజుకి యువరాజ్ వలలిస్తానన్నాడట.

"వలల లిస్టులో పేరెక్కేదాకా మమ్మల్నొగ్గేయ్ మావా," అన్నాడు పోలిరాజు, గుమ్మంలోనే నిలబెట్టి.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఫొటో కళ స్క్రీన్ మీదికొచ్చింది. ఇసుక మీద నాలుగు పడవలు. నాలుగో దాన్లో ఒక మనిషి కూర్చుని, తల పైకెత్తి డ్రోన్ వంకే చూస్తున్నాడు. జూమ్ చేస్తే ముఖం గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. భుజం మీద ఎర్ర తువ్వాలు మాత్రం పోల్చుకుంది.

నాలుగు అని కొట్టింది. తర్వాత ఖాళీ గడిలోకి వెళ్లి రాసింది: 'మిగతా ముప్ఫై ఎనిమిది వేటలో ఉన్నాయి. పదింటికి ఎప్పుడూ వేటలోనే ఉంటాయి. మొదటిసారి నాకు తెలిసీ రాయలేదు. ఇట్లు, నాలుగో పడవ నూకన్న కూతురు కళ.'

పంపేసింది. కిటికీ అద్దం వణికింది.

శుక్రవారం సాయంత్రానికి ఆమె లాగిన్ తెరుచుకోలేదు. ఎందుకని అడగడానికి గదిలో ఎవరూ లేరు. ఏసీ ఆపి, తాళం వేసి, నడిచి ఒడ్డుకెళ్లింది. పడవలన్నీ వచ్చేశాయి. నాన్న పడవ దగ్గర మాత్రం ఆయన తప్ప ఎవరూ లేరు.

"ఏటి రాసినావు?"

"నలభై రెండు. కింద నీ పేరు, నా పేరు."

నూకన్న కొంచెం జరిగి, పడవ అంచు మీద చోటిచ్చాడు.

ఒడ్డు సంగతి ఇంకా తేలలేదు. ఆ రిమార్కు ఎవరైనా చదివారో లేదో కళకి తెలీదు. మీరూ తెలిసి తెలిసి ఖాళీగా వదిలేసిన గడి ఏదైనా ఉంటే, నాకు రాసి పంపండి. కళకి చూపిస్తాను. ఈమధ్య ఆమెకి బోలెడంత తీరిక.