వాగు నీళ్ల కుండీ

యాదన్న బర్రె చచ్చిపోయిన రోజు హైస్కూలు ప్రార్థనలో వార్తలు చదివింది చంద్రకళ.

ఆ రెండు సంగతులకూ సంబంధం ఉంది. బర్రె చచ్చిపోయినందుకే యాదన్న కూతురు సోమమ్మ ఆ పూట బడికి రాలేదు. సోమమ్మ రానందుకే మైకు ముందు నిలబడే అవకాశం మళ్లీ చంద్రకళకు దొరికింది. గొంతు సవరించుకొని చదవడం మొదలుపెట్టినప్పుడు ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. పిల్లల ముఖం వెలిగితే చూసి సంతోషిస్తాం గానీ, ఆ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందని మనలో ఎవరం అడుగుతాం? ఆ బడిలోనూ ఎవరూ అడగలేదు.

అది పటాన్‌చెరువు దాటాక బొంబాయి రోడ్డు పక్కనున్న ఊరు. పొలాల్లో ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం. ఆ బడిలో హెడ్మాస్టరు ఒక పద్ధతి పెట్టారు. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవారే మళ్లీ పరీక్ష జరిగే దాకా ప్రార్థనలో వార్తలు చదవాలి. ఎనిమిదో తరగతి దాకా ఆ ర్యాంకు చంద్రకళదే. సైన్సు చెప్పే రాజారావు సారు పేపరు చూసి వార్తలు రాసిచ్చేవారు. బడి కప్పు మీది మైకు బజారు దాకా వినిపించేది. బజారు మొదట్లోనే చంద్రకళ తండ్రి కైలాసం కిరాణా దుకాణం. తక్కెడ పట్టుకొని "అగో, మా బిడ్డ సదువుతున్నది" అని అతడు అనని పొద్దు లేదు.

తొమ్మిదో తరగతిలో సోమమ్మ వచ్చి చేరింది. వాగు అవతలి పల్లె నుంచి నడిచి వచ్చేది. దారిలో కైలాసం ఇంట్లో పాలు పోసి, ఖాళీ చెంబు సంచిలో వేసుకొని బడికి పోయేది. మొదటి పరీక్షకే ఆమె అందరినీ దాటిపోయింది. మరునాటి నుంచి మైకులో కొత్త గొంతు వినిపించింది.

"ఎవరిదే ఆ గొంతు?" అని సాయంత్రం కైలాసం అడిగాడు.

"సోమమ్మది."

"ఏ సోమమ్మ? మనకు పాలు పోసే యాదన్న బిడ్డనా?" కైలాసం పెద్దగా నవ్వాడు. "మంచిగున్నది కథ! పాలు తాగినామె ఎనుకబడ్డది, పాలు అమ్మినామె ముందటవడ్డది!"

దుకాణం ముందున్నవాళ్లూ నవ్వారు. "పిల్లను గట్ల అంటరా? ఊకోరాదుండ్రి" అని లోపలి నుంచి అతడి భార్య సరస్వతి మందలించింది. కానీ అప్పటికే ఆ మాట దిగవలసిన చోట దిగింది. ఆనాటి నుంచి చంద్రకళ పాలు ముట్టలేదు. అరగడం లేదని తల్లికి చెప్పింది.

ఇక చంద్రకళ కళ్లు పుస్తకం మీద కంటే సోమమ్మ మీదే ఎక్కువ ఉండేవి. ఆమె రిబ్బను వెలిసిపోయిందని చూసుకొని కాసేపు తృప్తి పడేది. ఆ వెలిసిన రిబ్బనుతోనే అందరికంటే ముందు లెక్క చెప్పిందని గుర్తొచ్చి, ఆ తృప్తి కూడా చేదైపోయేది.

బర్రె పోయిన తరువాత బడికి వచ్చిన సోమమ్మ ఏడవలేదు. రాజారావు సారు దగ్గరికి పోయి ఒక ప్రశ్న అడిగింది.

"సార్, మా రెండు బర్రెలల్ల ఒకటి వాగు నీళ్లు తాగే సచ్చిపోయింది. ఊరోళ్లందరు గదే అంటుండ్రు. ఫ్యాక్టరీ నీళ్లు వాగుల కలుస్తున్నయని సర్కారు ఆఫీసుల దరఖాస్తు ఇస్తే రుజువేంది అన్నరంట. రుజువంటే ఎట్ల సార్?"

"నువ్వు చూసిన దాన్ని ఎదుటివాళ్లకు కూడా చూపించగలిగితే, అది రుజువు" అన్నారు సారు.

అలా మొదలైంది ఆ పరీక్ష. సైన్సు గది కిటికీలో రెండు కుండీలు పెట్టారు. రెండింట్లో ఒకే మట్టి, ఒకే పెసలు. ఒకదానికి బడి బోరింగు నీళ్లు, ఇంకోదానికి వాగు నీళ్లు. వాగు నీళ్లు సోమమ్మ ప్లాస్టిక్ డబ్బాలో ఊరి నుంచి మోసుకొచ్చి, సాయంత్రం కుండీలో పోసేది. ఆ నీళ్లు గోధుమరంగుగా ఉండేవి, మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. సంగారెడ్డిలో జరిగే జిల్లా సైన్స్ ఫేర్‌కు ఆ కుండీలు తీసుకుపోదామని సారు నిర్ణయించారు.

"ఇట్లాంటి ప్రశ్న ఇంతవరకూ నన్ను ఏ పిల్లా అడగలేదు" అని క్లాసులో అందరి ముందూ అన్నారు. చంద్రకళ బెంచీ కింద గోళ్లతో అరచేతిని గుచ్చుకుంది. తను రాత్రింబగళ్లు కూర్చొని థర్మకోల్‌తో చేసిన గుండె బొమ్మను చూసి సారు "బాగుంది" అన్నారు. ఒక్క మాట.

చంద్రకళ క్లాస్ లీడరు. సైన్సు గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటున్నప్పుడు ఆమె ఆ గది తాళం తీసింది. డబ్బాలోని వాగు నీళ్లను గోడ అవతల పారబోసింది. బోరింగు నీళ్లు నింపి, ఇంటి నుంచి సీసాలో తెచ్చిన చాయపత్తి డికాక్షన్ కొంచెం కలిపింది. రంగు సరిపోయింది. డబ్బా కడగలేదు గనుక వాసన ఎలాగూ ఉంది. సోమమ్మ నీళ్లు తెచ్చినప్పుడల్లా ఇదే పని చేసింది.

మొలకల్లో తేడా రాకపోతే చూపించడానికేమీ ఉండదు. అప్పుడు సోమమ్మ సంగారెడ్డి పోదు. చంద్రకళ అనుకున్నది అంతే. తేడా లేదంటే ఆ నీళ్లు మంచివని అర్థమవుతుందని ఆమెకు తట్టనే లేదు. అసూయ పట్టిన మనసుకు ఎదుటి మనిషి ఒక్కరే కనిపిస్తారు. వాగు, ఊరు, పశువులు ఇవేవీ ఆ చూపులో లేవు.

రెండు కుండీల్లోనూ పెసలు పచ్చగా మొలిచాయి.

సోమమ్మ చాలాసేపు వంగి చూసింది. "ఇదేంది సార్? మళ్లొకసారి ఏద్దాం" అంది.

"వేద్దాం. కానీ ఫేర్ ఎల్లుండే కదమ్మా."

"మరి పోకుంటే అయిపాయె."

"మనం అనుకున్నది రాలేదని దాచకూడదు సోమమ్మా. వచ్చింది వచ్చినట్టు చెప్పాలి. అదే సైన్సు" అన్నారు సారు.

ఆ మాటలో తప్పు లేదు. తప్పంతా డబ్బాలో ఉంది.

సంగారెడ్డి ఫేర్‌లో బహుమతులిచ్చేది ఒక ఫ్యాక్టరీ. దాని పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వచ్చాడు. సోమమ్మ బల్ల ముందు ఆగి, అట్ట మీద రాసింది చదివించుకొని విన్నాడు. వాగు నీళ్ల కుండీని రెండు చేతులా పైకెత్తాడు.

"శాబాష్ బేటీ! చూడండి, పెద్దవాళ్లు పుకార్లు లేపుతారు. చిన్నపిల్ల నిజం చూపించింది!"

చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి సోమమ్మకే వచ్చింది. మెడలో మెడల్ వేశారు, భుజాల మీద శాలువా కప్పారు, చేతిలో ఆ కుండీ పెట్టి ఫొటో తీశారు. ఓడించాలని పోసిన నీళ్లే ఆమెను గెలిపించాయి. చంద్రకళ చప్పట్లు కొట్టకుండా గుండె బొమ్మ పక్కన నిలబడింది. నిజం చెబితే తను దొంగ అవుతుంది. చెప్పకపోతే సోమమ్మ మెడలో ఆ మెడల్ ఉంటుంది.

తిరుగు బస్సులో సోమమ్మ చంద్రకళ పక్కనే కూర్చుంది. మెడల్ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"జెర పట్టుకోవా? మెడల గుంజుతున్నది."

"నీదే గద. నువ్వే ఏసుకో" అంది చంద్రకళ ముభావంగా.

"నాదనిపిస్తలేదే. నేననుకున్నది రానేలేదు. రానిదానికి బహుమతేంది?" అని నవ్వి, సోమమ్మ చంద్రకళ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. భుజం కదపకుండా, పిడికిట్లో మెడల్ పట్టుకొని, చంద్రకళ ఇస్నాపూర్ దీపాలు వచ్చే దాకా కిటికీలోంచి బయటికే చూసింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు మళ్లీ సోమమ్మ బెంచీ ఖాళీగా ఉంది. సారు వార్తల కాగితాన్ని చంద్రకళ చేతికిచ్చారు. ఆమెకు ముందు కలిగింది ఊరట. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తరువాత జన్మంతా ఆ ఊపిరిని తలచుకొని సిగ్గుపడవలసి వస్తుందని అప్పటికి ఆమెకు తెలియదు.

వార్తలు చదివి వచ్చి కూర్చుంటే, సోమమ్మ ఊరి పిల్ల ముత్యమ్మ అంది: "మంచిగ సదివినవ్ గని, సోమమ్మ ఇగ రాదంట."

"ఏమైంది?"

"మిగిలిన ఒక్క బర్రె గూడ సచ్చిపోయింది. ఊర్ల బోరింగు కరాబైంది. వాళ్లమ్మ ఎంకమ్మ బిందెల్తోటి ఎంత దూరం మోస్తది? సోమమ్మే బర్రెను వాగుకు తోల్కపోయింది. వాళ్ల నాయిన వద్దనే అన్నడు. వాసన ముక్కుకు తెలుస్తలేదా బిడ్డా అన్నడు. నేను కండ్లార సూసిన నాయినా, నా సేతుల్తోటి పోసిన, ఏం గాదు అన్నదంట."

చంద్రకళ ముందున్న పుస్తకం మూసింది. ముత్యమ్మ ఇంకా చెబుతూనే ఉంది.

"ఇంగో సంగతి. దరఖాస్తు గురించి అడగవోతే ఆఫీసుల సోమమ్మ ఫొటో సూపిచ్చిండ్రంట. మీ పిల్లనే నీళ్లు మంచియన్నది, ఇంగ మీకేం రోగం అని. ఊరోళ్లు సోమమ్మను తిట్టని తిట్టు తిడుతలేరు. బడికి పోయి గిదా నేర్సుకున్నది అంటుండ్రు. ఇప్పుడు అమ్మతోటి షెడ్డుల కూలికి సీసాలు కడగవోతున్నది."

మరునాడు ప్రార్థనలో చంద్రకళ వార్తలన్నీ చదివింది. కాగితం మడిచింది. మైకు ముందు నుంచి కదల్లేదు.

"ఇంకో వార్త ఉన్నది" అంది. "సోమమ్మ కుండీల పోసింది వాగు నీళ్లు కాదు. వాగు నీళ్లు నేను పారబోసిన. బోరింగు నీళ్లల్ల చాయపత్తి నీళ్లు కలిపి పెట్టిన. ఆమె మీద కుళ్లుతోటి చేసిన. వాగు నీళ్లు మంచియి కావు. సోమమ్మ పరీక్షల తప్పు లేదు. తప్పు నాది."

మైకు ఎప్పటిలాగే బజారు దాకా వినిపించింది. కైలాసం చేతిలో తక్కెడ ఆగిపోయింది. దుకాణం ముందున్నవాళ్లు ఈసారి నవ్వలేదు.

హెడ్మాస్టరు బెత్తం అందుకున్నారు. రాజారావు సారు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మైకును తన వైపు తిప్పుకొని నెమ్మదిగా చెప్పారు.

"ఈ పిల్ల చేసింది పెద్ద తప్పు. కొడితే మనకు కోపం తీరుతుంది, అంతే. మైకు ముందు ఒక్కరికే చోటు పెట్టి, ఆ చోటు కోసం పిల్లలను ఒకరి మీదికి ఒకరిని తోలింది మనమే. మీరు ఎంత నేర్చుకున్నారని ఇంట్లో అడగలేదు, బడిలో అడగలేదు. ఎవరిని దాటారనే అడిగాం. డబ్బాలో నీళ్లు ఎప్పుడూ ఒకే తీరుగా ఎందుకున్నాయని నేనూ అడగలేదు. పక్కవాళ్ల గెలుపును మన ఓటమిగా చూడటం నేర్పితే అది చదువు కాదు. ఇవాళ ఒక పిల్ల తన కళ్లను తాను నమ్మి మోసపోయింది. దానికి మనమందరం బాధ్యులం."

ఆ సాయంత్రం సారు, చంద్రకళ కలిసి సీసాలు కడిగే షెడ్డుకు పోయారు. సోమమ్మ తొట్టి ముందు కూర్చొని ఉంది. చేతులు నాని తెల్లబడ్డాయి. చంద్రకళ ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. సోమమ్మ సీసా కడుగుతూనే ఉంది.

అంతా విన్నాక సారు వైపు తిరిగింది. "అంటే మొదట నేననుకున్నదే నిజమా సార్?"

"నిజమేనమ్మా."

ఆమె కడిగిన సీసాను పక్కన పెట్టింది. "మరి బర్రెను తోల్కపోయింది నేనే గద సార్" అంది.

సోమమ్మ ఇంకో సీసా చేతిలోకి తీసుకుంది.

పిల్లలంతా కలిసి ఆ పరీక్షను మళ్లీ చేశారు. నీళ్లు చంద్రకళే వాగు నుంచి మోసుకొచ్చింది. బోరింగు కుండీలో పెసలు పచ్చగా లేచాయి. వాగు కుండీలో మొలకలు తల ఎత్తకముందే నల్లబడ్డాయి. ఆ రెండు కుండీలూ పట్టుకొని సారు సంగారెడ్డి ఆఫీసుకు పోయారు. ఫేర్ అయిపోయింది కదా అని అక్కడివాళ్లు అన్నారు. దరఖాస్తు మాత్రం తీసుకున్నారు.

బడిలో ర్యాంకుకు వార్తలు చదివే పద్ధతి తీసేశారు. ఇప్పుడు హాజరు పట్టీ వరుసలో అందరూ చదువుతారు. సోమమ్మ వంతు వచ్చిన పొద్దు మాత్రం ఎవరూ చదవరు. మైకు ఊరికే ఉంటుంది, బజారులో కైలాసం తల దించుకొని సరుకు తూస్తుంటాడు.

మొదటి ర్యాంకు కోసం పిల్లలను తొందరపెట్టే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. దిద్దుకోగలిగినది కొంత ఆ బడి దిద్దుకుంది. కానీ ఆ వాగు నీళ్లను ఇంతవరకూ ఎవరూ వచ్చి పరీక్ష చేయలేదు. సోమమ్మ ఇంకా బడికి తిరిగి రాలేదు.