ఎండీ గారి విసనకర్ర

గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు. అందులో చీరలు పరుస్తూ ఇష్తియాక్ ఏళ్ళ తరబడి ఒకే మాట చెబుతున్నాడు. "రంగు పోతే తీసుకురండమ్మా, నేనే కూర్చుని మళ్ళీ రంగేసి ఇస్తాను." వచ్చినవాళ్ళు నవ్వుతారు, కొనుక్కుని వెళతారు. చదువుతున్న మీరూ ఇలాంటి మాటకు నవ్వి ఏదో ఒకటి కొనే ఉంటారు. ఆ మాటలో తప్పుందని ఇష్తియాక్‌కు ఎప్పుడూ తోచలేదు.

అలాంటివాడే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద బోర్డు చూసి నవ్వాడు. సూటు వేసుకున్న ఇన్వర్టర్ కంపెనీ ఎండీ చేతిలో తాటాకు విసనకర్ర. "కరెంటు పోయినా మీ ఫ్యాను ఆగదు. ఆగితే మా ఎండీ గారే మీ ఇంటికొచ్చి విసురుతారు!" ఇంట్లో తల్లి వజీరాకు ఆయాసం. ఎండాకాలంలో ఫ్యాను ఆగితే ఆమెకు ఊపిరాడదు. నవ్వుకుంటూనే ఆ ఇన్వర్టర్ కొన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పటమటలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపు మూలిగి ఆగిపోయింది. ఇష్తియాక్ భార్య ఆఫ్రీన్ చేతులు పడిపోయేదాకా అట్టముక్కతో విసిరింది. సాయంత్రానికి అత్తగారిని ఆసుపత్రిలో చేర్చారు. వజీరా ప్రాణంతో ఇంటికొచ్చింది గాని, మళ్ళీ మునుపటి మనిషి కాలేదు.

కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా పలికే దిక్కు లేదు. చివరికి ఇష్తియాక్ వినియోగదారుల కమిషన్‌కు ఎక్కాడు. ఎండీ గారు వచ్చి తన తల్లికి ఒక్క పూట విసరాలని అడిగాడు.

"మీకేమన్నా పిచ్చా అండీ? పనులు మానుకుని ఎన్నాళ్ళు తిరుగుతారు?" అంది ఆఫ్రీన్.

"అమ్మీ ఇలా మంచాన పడుంటే, ఆ బోర్డు మాత్రం ఇంకా అక్కడే నవ్వుతోంది," అన్నాడు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. సెలవడిగినప్పుడల్లా కొట్టు యజమాని ముఖం మాడ్చుకునేవాడు. ఆఖరికి ఒక రోజు కంపెనీ లాయరు లేచాడు.

"అది ఉత్త జోకండీ. బుర్ర ఉన్నవాడెవడూ నమ్మడు. మొన్న మా ఆవిడ మీ కొట్టుకే వచ్చింది. రంగు పోతే నేనే వేసిస్తానని మీరు అనలేదూ?"

ఇష్తియాక్‌కు వెలిసిన చీర తెచ్చి మొహమాటంగా నిలబడిన ఒక పెద్దావిడ గుర్తొచ్చింది. సరదాకన్నానమ్మా అని నవ్వి పంపేశాడు. ఆవిడ నవ్వలేదు.

"అన్నానండీ," అన్నాడు. "అందుకే నాకు తెలుసు. ఆ మాట అమ్మేవాళ్ళం నవ్వించడానికి అనం. కొనిపించడానికి అంటాం."

కమిషన్ అధ్యక్షురాలు పద్మావతమ్మ గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "విసనకర్ర జోకే అనుకుందాం. ఫ్యాను ఆగదన్నది జోకు కాదు కదా? ఆ మాట నమ్మే ఈయన కొన్నారు." ఇన్వర్టర్ ఖరీదు, ఆసుపత్రి ఖర్చు ఇవ్వాలని, బోర్డు తీసేయాలని ఉత్తర్వు ఇచ్చారు. అప్పీలుకు వెళతామన్నాడు లాయరు. ఇష్తియాక్‌కు సంతోషించే ఓపిక కూడా లేకపోయింది.

మర్నాడు కొట్లో ఒకావిడ ఎర్రచీర చేతిలోకి తీసుకుని, "రంగు పోదు గదా బాబూ?" అంది.

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"కాస్త పోతుందమ్మా. విడిగా ఉతుక్కోవాలి."

ఆవిడ చీర అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. "వచ్చిన బేరం పోగొడతావేంటయ్యా? నవ్వుతూ ఏదో ఒకటి అనొచ్చుగా!" అని యజమాని కసిరాడు.

ఇష్తియాక్ చీర మడతపెడుతూ నెమ్మదిగా అన్నాడు. "మనం నవ్వుతూ అన్నా, నమ్మి కొన్నవాళ్ళకి అది ఇచ్చిన మాటేనండీ."