ముందు వచ్చినవాళ్ళు

అది మాంద్యం ముదిరిన రెండువేల పదో సంవత్సరం. ఐర్లండ్‌లోని నేవన్ శివార్లలో సగం కట్టి వదిలేసిన ఇళ్ళ చుట్టూ గడ్డి పెరిగిపోతోంది. అక్కడి ఒక కాలనీలో చాముండేశ్వరి ఇంట్లో శనివారం పూట తెలుగు ఆడవాళ్ళు టీకి కలిసేవారు. ఏడేళ్ళ కిందట ఆ కాలనీలో మొదట అడుగుపెట్టిన తెలుగు కుటుంబం ఆమెదే. ఏ బడి మంచిది, ఏ జీపీ డాక్టరు ఓపికగా చూస్తాడు అని అందరూ ఆమెనే అడిగేవారు. అలా అడిగించుకోవడం ఆమెకు అలవాటైంది. అది గర్వంగా ముదిరిన సంగతి ఆమె గమనించలేదు.

ఒక శనివారం మాటలు సుధేష్ణ మీదికి మళ్ళాయి. సుధేష్ణ వరంగల్ అమ్మాయి, వచ్చి రెండేళ్ళే. మందుల ఫ్యాక్టరీలో భర్త జగన్ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో కూర్చోలేక ఆమె కాలనీ వెనక వాగు వెంట నడిచేది. ఎదురైన ముసలివాళ్ళను పలకరించి, పాత మిల్లు ఎక్కడుండేదో, తొలి కుటుంబాలు ఏ రేవు దాటి వచ్చాయో అడిగి రాసుకునేది.

"ఆ చరిత్రంతా రాయడానికి లైబ్రరీవాళ్ళు ఏడాది ఉద్యోగం ఇస్తారంట. సుధేష్ణకేనంట! వాగు పక్క కొత్త నడకదారి తెరిచేనాడు తనే అందరికీ చూపిస్తుందంట" అంది పక్కింటి లీలారాణి.

చాముండేశ్వరి ముఖం మాడిపోయింది. "ఏడేళ్ళబట్టి ఆ వాగు పక్కనే ఉంటున్నాను. నన్నెవరూ అడగలేదేవిటో!" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

సోమవారం ఆమె లైబ్రరీకి వెళ్ళి, "పాపం, వాళ్ళు ఇండియా వెళ్ళిపోతున్నారు. ఇంటి లీజు కూడా వదిలేశారు" అని చెప్పింది. అది పచ్చి అబద్ధం. అక్కడి అధికారిణి నమ్మింది. ఏడేళ్ళుగా అక్కడే ఉంటోందని, నడకదారి చూపించే పని చాముండేశ్వరికే అప్పగించింది. సుధేష్ణకు మాత్రం, ఇక్కడే ఉండేవాళ్ళు కావాలని కబురొచ్చింది. జగన్ దూరాన ఉన్న ఎన్నిస్ పట్టణంలో పని వెతకడానికి బయలుదేరాడు.

దారి చూపించే పని దొరికింది గాని, వాగు గురించి చాముండేశ్వరికి ఒక్క ముక్క తెలియదు. అడిగి తెలుసుకుందామని ఆ వాగు పక్కనే పుట్టి పెరిగిన ఎనభై ఏళ్ళ పెగ్గీ ఇంటికి వెళ్ళింది.

పెగ్గీ చెప్పింది: "మిల్లు పక్కన మొదట ఇల్లు కట్టింది మావాళ్ళే. తర్వాత ఆరు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళలో ఒకామెకు మిల్లు పని బాగా వచ్చు. ఆమెను మేస్త్రీని చేశారు. మా అమ్మ ఓర్వలేక ఆమె మీద దొంగతనం మోపింది. వారం తిరగకుండా ఆరు కుటుంబాలూ వెళ్ళిపోయాయి. పిల్లల్లేక బడి మూతపడింది. నా చదువూ అక్కడే ఆగింది."

"మీ అమ్మగారు బాధపడ్డారా?"

"చనిపోయేదాకా. కానీ ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళు ఊళ్ళోనే లేరు. ఈ సంగతి మొన్న మీ సుధేష్ణ అడిగితేనే మొదటిసారి బయటపెట్టాను. నేను ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చుంది."

సుధేష్ణ పేరు వినగానే చాముండేశ్వరికి ముందు మళ్ళీ కడుపు మండింది. ఆ వెంటనే సిగ్గుతో తల వాలిపోయింది. అక్కణ్ణుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, సుధేష్ణకే ఇస్తామన్నారు. తర్వాత సుధేష్ణ తలుపు తట్టింది. లోపల అట్టపెట్టెలు సర్ది ఉన్నాయి.

"మీరు వెళ్ళిపోతున్నారని చెప్పింది నేనే, సుధేష్ణా. అబద్ధమని ఇప్పుడే వాళ్ళకి చెప్పి వచ్చాను. ఉద్యోగం నీదే."

సుధేష్ణ చేతిలోని పెట్టె కింద పెట్టింది. "నిన్ను అక్కా అన్న గదా. గిట్లెందుకు చేసినవ్?"

"నిన్ను చూసి ఓర్వలేక."

సుధేష్ణ తలుపు వేసేసింది.

దారి తెరిచిన రోజు సుధేష్ణే ముందు నడిచి రేవునూ, మిల్లు గోడలనూ చూపించింది. చాముండేశ్వరి వైపు చూడలేదు. చివర్లో కాలనీ పెద్దలు చాముండేశ్వరిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె తాను చేసిన తప్పును అందరి ముందూ ఒప్పుకుంది. తర్వాత ఇలా అంది:

"ఒక చోటికి ముందు రావడం మన గొప్పేం కాదు. వెనక వచ్చినవాళ్ళకు చోటిస్తేనే అది ఊరవుతుంది. అసూయ చేరిన ఊరు ఎన్ని ఇళ్ళున్నా ఖాళీ అయిపోతుంది."